చూడకపోవడం సమానత్వమా?
యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అనుభవం నుంచి కొన్ని ఆలోచనలు
(స్మారకోపన్యాసం)



ప్రభుత్వ విశ్వవిద్యాలయం అందరి పన్నులతో నడుస్తుంది, కొందరికే సీటు ఇస్తుంది. ఆ కొందరు ఎవరన్న ప్రశ్న అందుకే పరీక్షల విభాగంతో తేలిపోయేది కాదు, పన్ను కట్టే ప్రతివారికీ సమాధానం చెప్పుకోవలసిన ప్రశ్న. పుట్టుక వల్ల వచ్చిన తేడాలను విశ్వవిద్యాలయం చూడాలా, కళ్లు మూసుకోవాలా? దీనిమీద మన దగ్గర సిద్ధాంతాలకు కొదవలేదు. ఈ సాయంత్రం సిద్ధాంతాలను పక్కనపెట్టి ఒక అనుభవాన్ని పరిశీలిద్దాం. పది క్యాంపస్‌లున్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రవేశాలలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదన్న నిబంధన కింద పాతికేళ్లకు పైగా పనిచేస్తోంది. తేడాను చూడనని సంస్థ ఒట్టు పెట్టుకున్నంత మాత్రాన తేడా మాయం కాదనీ, దాన్ని సరిదిద్దే బాధ్యత మాత్రమే మాయమవుతుందనీ ఆ అనుభవం చెబుతోంది. నా వాదన అంతా ఇదే.

ముందు చరిత్ర. ఈ విశ్వవిద్యాలయానికే చెందిన డేవిస్ వైద్య కళాశాల 100 సీట్లలో 16 వెనుకబడిన మైనారిటీ వర్గాలకు కేటాయించేది. 1978లో బాకీ అనే అభ్యర్థి వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేటాయింపును కొట్టివేసింది. అయితే జాతిని అనేక అంశాలలో ఒకటిగా చూడవచ్చునంది. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ఆ వెసులుబాటును కూడా తీసేశారు. ఈ నిషేధాన్ని ప్రతిపాదించిన ప్రపొజిషన్ 209 సుమారు 55 శాతం ఓట్లతో గెలిచి రాష్ట్ర రాజ్యాంగంలో చేరింది. మన చరిత్రలో ఇలాంటి మలుపే వచ్చింది, తిరిగిన దిక్కు మాత్రం వేరు. ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగా, 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు, కులమతాల వారీగా సీట్లు పంచే మద్రాసు కమ్యూనల్ జీవోను కొట్టివేసింది. అదే ఏడాది పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లకు వీలిచ్చే 15(4)ను చేర్చింది. కోర్టు అడ్డు చెప్పాక ఒక సమాజం చూడటానికి వీలుగా రాజ్యాంగాన్ని మార్చుకుంది. మరొకటి చూడకుండా ఉండటానికి మార్చుకుంది.

కొత్త నిబంధన కింద 1998లో తొలి బ్యాచ్ చేరింది. గట్టి పోటీ ఉండే బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్ క్యాంపస్‌లలో నల్లజాతి, లాటినో విద్యార్థుల ప్రవేశాలు ఒక్కసారిగా సగానికో, అంతకంటే తక్కువకో పడిపోయాయి. విశ్వవిద్యాలయం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2001 నుంచి ప్రతి ఉన్నత పాఠశాలలోనూ పైన నిలిచిన 4 శాతం మందికి అర్హత ఇచ్చింది. 2012 నాటికి దాన్ని 9 శాతానికి పెంచింది. అంటే విద్యార్థిని రాష్ట్రమంతటితో కాకుండా, అదే బడిలో అవే వసతులతో చదివిన తోటివారితో పోల్చి చూడటం. తెలుగువారికి ఈ తర్కం కొత్తది కాదు. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం మాటలో ట్రిపుల్ ఐటీలు, పదో తరగతిలో గ్రామీణ విద్యార్థుల ప్రతిభను మండలాల వారీగా వెతకడంతో మొదలైంది. ప్రభుత్వ పాఠశాలల పిల్లల గ్రేడు పాయింట్లకు 0.4 కలిపే పద్ధతి కూడా అక్కడ అమలయింది. ఒకే మార్కు రెండు చోట్ల రెండు రకాల శ్రమను సూచిస్తుందని రెండు విధానాలూ ఒప్పుకున్నాయి. కాలిఫోర్నియా అక్కడితో ఆగలేదు. కుటుంబ ఆదాయాన్నీ, తల్లిదండ్రుల చదువునూ పరిగణించింది. 2020లో శాట్ పరీక్ష అవసరాన్ని తీసేయాలని నిర్ణయించింది. జాతి ప్రసక్తి లేకుండా వెనుకబడిన పాఠశాలలకు చేరువయ్యే కార్యక్రమాలపై యాభై కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసింది.

ఫలితం లేకపోలేదు. 2020లో విశ్వవిద్యాలయం ప్రవేశానికి ఎంపిక చేసిన కాలిఫోర్నియా విద్యార్థులలో లాటినోలు 36 శాతంతో తొలిసారి అతిపెద్ద వర్గమయ్యారు. ‘చూశారా, జాతిని పట్టించుకోకుండానే వైవిధ్యం సాధ్యమైంది కదా’ అన్న ఆక్షేపణకు ఈ అంకే ఆధారం. కానీ అదే రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలలో సగానికి పైగా లాటినోలే. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. పైగా నల్లజాతి విద్యార్థుల వాటా ఆ ఏడాది 5 శాతం దగ్గరే ఉంది. 2022లో ప్రవేశాలలో జాతిని పరిగణించడంపై నడిచిన హార్వర్డ్ కేసు సందర్భంగా, ఇంత చేసినా తాము కోరుకున్న స్థాయిని అందుకోలేకపోయామని విశ్వవిద్యాలయమే సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. కారణం ఊహకందనిది కాదు. బడిని బట్టి ఎంచే పద్ధతి, ఒక వర్గం పిల్లలంతా ఒకేచోట పోగుపడిన బడులలోనే బాగా పనిచేస్తుంది. కలగలుపు బడిలో చదివే నల్లజాతి అమ్మాయికి దాని సాయం అంతగా అందదు. ఆదాయపు లెక్కకూ ఇలాంటి పరిమితే ఉంది. ఈ ఏటి జీతం సమానమైన రెండు కుటుంబాలకు తాతలనాటి ఆస్తి, ఇరుగుపొరుగు, పరపతి సమానంగా ఉండవు.

ఇక ప్రతిభ వాదం. తమ స్థాయికి మించిన క్యాంపస్‌లో చేరితే వెనుకబడిన వర్గాల విద్యార్థులే నష్టపోతారనీ, కాబట్టి నిషేధం వారికే మేలనీ కొందరు అన్నారు. సానుభూతి వినిపించే వాదన కాబట్టి దీన్ని తేలికగా తోసిపుచ్చకూడదు, ఆధారాలతో పరీక్షించాలి. ఆర్థికవేత్త జాకరీ బ్లీమర్ 1990ల నాటి దరఖాస్తుదారుల చదువులనూ తర్వాతి సంపాదననూ జతచేసి చూశారు. నిషేధం తర్వాత నల్లజాతి, లాటినో విద్యార్థులు పోటీ తక్కువున్న క్యాంపస్‌లకు జారారు. అక్కడ వారు మెరుగుపడలేదు. డిగ్రీ పూర్తి చేసే అవకాశం తగ్గింది. ఉద్యోగ జీవితపు తొలి ఏళ్లలో ఏటా సుమారు 5 శాతం ఆదాయం పోయింది. మేలు జరుగుతుందన్న జోస్యాన్ని ఫలితాలు సమర్థించలేదు.

‘అయితే ఆ సీట్లు ఎవరివి?’ అన్నది న్యాయమైన ప్రశ్న. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సహా ఆసియా అమెరికన్ తల్లిదండ్రులు దీన్ని గట్టిగా అడుగుతారు. సీట్లు పరిమితం. ఒకరికి దక్కితే మరొకరికి తప్పుతుంది. ఆ బాధను లేదనడం నిజాయితీ కాదు. 2020లో నిషేధాన్ని ఎత్తివేయాలన్న ప్రపొజిషన్ 16ను దాదాపు 57 శాతం ఓటర్లు తిరస్కరించారన్నదీ దాచనక్కర్లేదు. కానీ చూపు మనకు అనుకూలంగా ఉన్నప్పుడే నిష్పాక్షికమని పిలవలేం. 2021లో డేవిస్ క్యాంపస్ తన వివక్ష నిరోధక విధానంలో కులాన్ని చేర్చింది. అమెరికాకు కులం ఎక్కడిది, దాని పేరెత్తితేనే విభజన వస్తుందని మనవారిలో కొందరు అభ్యంతరపెట్టారు. జాతి గురించి 1996లో వినిపించిన వాదన తీరూ ఇదే. నిబంధనలో కులమన్న మాట లేనప్పుడు, కులం కారణంగా అవమానపడిన విద్యార్థి తన ఫిర్యాదును ఏ గడిలో రాయాలి?

చూడటానికీ హద్దు ఉంది. అధ్యాపక నియామకాలకు దరఖాస్తు చేసేవారు వైవిధ్యంపై తమ నిబద్ధతను వివరిస్తూ ప్రకటన ఇవ్వాలన్న పద్ధతి ఈ విశ్వవిద్యాలయంలో చాలా చోట్ల పాతుకుపోయింది. 2025 మార్చిలో దాన్ని విరమించుకున్నారు. అప్పటి రాజకీయ ఒత్తిడి ఎలాంటిదైనా, ఆ పద్ధతి మీద విమర్శలో పస ఉంది. మనిషి దాటివచ్చిన అడ్డంకులను చూడటం వేరు, అతని అభిప్రాయాలను తూచడం వేరు. మొదటిది న్యాయం. రెండోది నలుగురికీ నచ్చే వాక్యాలు రాయగలవారికి మార్కులు వేస్తుంది, నిజంగా పాఠం చెప్పి నిలబెట్టేవారిని గుర్తించదు. చేర్చుకునే విధానం పరిస్థితులను కొలవాలి, మనసులను కాదు.

చివరిగా ఒక విషయం. ప్రవేశాలలో జాతిని వాడకూడదన్నా, ఎవరు దరఖాస్తు చేశారు, ఎవరు చేరారు, ఎంతమంది డిగ్రీ పుచ్చుకున్నారన్న లెక్కలను కాలిఫోర్నియా జాతుల వారీగా ప్రచురిస్తూనే ఉంది. నిషేధం ఏం చేసిందో ఈరోజు మనం మాట్లాడుకోగలుగుతున్నామంటే ఆ లెక్కల పుణ్యమే. మనకు 15(4) ఉంది, రిజర్వేషన్లు ఉన్నాయి. అయినా ఏ వర్గం నుంచి ఎందరు చేరారో తెలిసినంత సులువుగా, వారిలో ఎందరు పూర్తిచేశారో, ఏ విభాగంలో ఎవరు మధ్యలో ఆగిపోయారో తెలియదు. సీటు ఇవ్వడంతో బాధ్యత తీరిందనుకునే విశ్వవిద్యాలయం కూడా కళ్లు మూసుకున్నదే, కాకపోతే కాస్త ఆలస్యంగా. ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయమూ విభాగాల వారీగా, వర్గాల వారీగా ఉత్తీర్ణత లెక్కలను ఏటా ప్రజల ముందుంచాలని చట్టం చేయాలి. సంస్కరణకు అదే మొదటి మెట్టు. దానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కర్లేదు, చూడాలన్న సంకల్పం చాలు.