అమ్మ పళ్ళెంలో ఏముంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజినీరువి కదా, ఉక్కు గురించి చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. ముప్పై ఏళ్ళుగా అదే చెబుతున్నాను. ఇవాళ గర్భనిరోధక మాత్ర గురించి చెబుతాను. నవ్వకండి. పదో తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడూ ఇలాగే నవ్వాం. మాస్టారు "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేశారు. ఇంటి దగ్గర ఎవరం చదవలేదు.

మా ఇల్లు పూర్ణా మార్కెట్ వెనక సందులో. తెల్లారకుండానే కూరగాయల బళ్ళ చప్పుడుకి మెలకువ వచ్చేది. మేం నలుగురు పిల్లలం. అమ్మ అందరికీ వడ్డించి, ఆఖరున గిన్నెల్లో మిగిలింది కలుపుకుని తినేది. తరచూ ఆవిడ పెదవుల మూలల్లో పుళ్ళు ఉండేవి. "వేడి చేసిందిరా" అనేది. గుమ్మం దాటితే కూరగాయల గుట్టలు. అయినా అమ్మ పళ్ళెంలోకి మేమెవరం ఎప్పుడూ తొంగి చూడలేదు.

ఉద్యోగంలో చేరాక నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. కేటలాగులో రాసింది ఒక ఎత్తు, సైట్ కండిషన్ ఒక ఎత్తు. పొడి వాతావరణంలో బాగా పనిచేసిన మోటారు మన సముద్రపు ఉప్పుగాలిలో తుప్పు పట్టొచ్చు. తప్పు మోటారుది కాదు, ఎక్కడ పెడుతున్నామో చూసుకోని మనది.

న్యూట్రిషన్ చదివిన మా అమ్మాయికి ఓసారి ఈ మాట చెబితే, "నాన్నా, హైదరాబాద్‌లో డాక్టర్ మహతాబ్ బాంజీ గారు చేసింది అదే" అంది.

గర్భం రాకుండా మాత్రకు అమెరికాలో 1960లో అనుమతి వచ్చింది. అది వాడేవారి ఒంట్లో కొన్ని బి విటమిన్ల లెక్క మారుతోందని ఆ తర్వాత పాశ్చాత్య దేశాల పరిశోధకులు గమనించారు. కడుపునిండా తినేవాళ్ళ సంగతి వేరు. అసలే విటమిన్లు చాలని మన ఆడవాళ్ళ మాటేమిటి? జాతీయ పోషకాహార సంస్థలో జీవరసాయన శాస్త్రవేత్త అయిన బాంజీ గారు, అక్కడి స్త్రీ వైద్యురాలు డాక్టర్ కె. ప్రేమ గారు, వారి సహచరులు ఈ ప్రశ్న పట్టుకున్నారు. పోషకాహారం చాలని స్త్రీలు మాత్ర వాడితే వారి విటమిన్ల స్థితి ఎలా ఉంటుంది, విటమిన్లు రోజూ ఇస్తే ఏమిటి, విడతలుగా ఇస్తే ఏమిటి అని పరిశీలించి 1979లో ప్రచురించారు.

ఒంట్లో విటమిన్ తక్కువైందని తెలిసేదెలా? రైబోఫ్లేవిన్, అంటే బి2 విషయంలో బాంజీ గారు 1969లోనే ఒక పరీక్ష మీద పనిచేశారు. ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైమ్ ఉంటుంది. అది పనిచేయాలంటే బి2 కావాలి. రక్తం నమూనాకి బి2 నుంచి తయారయ్యే పదార్థాన్ని కలిపి, ఆ ఎంజైమ్ ఎంత చురుకవుతుందో చూస్తారు. బాగా చురుకైతే ఒంట్లో అంత కరువున్నట్టు. మనం బేరింగుకి గ్రీజు పెట్టి చప్పుడు ఎంత తగ్గిందో చూసినట్టే. బి2 లోపానికి ఒక గుర్తు పెదవుల మూలల్లో పుళ్ళట. అమ్మాయి ఆ మాట అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ముందు వరసలో మా ఆవిడ ఉంది, ఆమెని అడిగే చెబుతున్నాను. రెండో పిల్ల పుట్టాక ఆమెకి ఆపరేషన్ చేయించాం. నిర్ణయం నాదీ, మా అమ్మదీ. ఆమెకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. రక్తం ఎంత ఉందని నేను అడగలేదు. మగవాళ్ళకి చేసే ఆపరేషన్ అంతకంటే చిన్నదని నాకు తెలుసు. చేయించుకుంటే బరువులు ఎత్తలేనేమోనని భయపడ్డాను. నేను ఆఫీసులో ఎత్తే బరువల్లా పెన్ను.

నేనొక్కణ్ణే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి నూరుమంది స్త్రీలలో దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. భర్త చేయించుకున్న ఇళ్ళు నూటికి ఒకటి కూడా లేవు.

బాంజీ గారు రిటైరయ్యాక విశ్రాంతి తీసుకోలేదు. మెదక్ జిల్లా నర్సాపూర్ ప్రాంతంలో దంగోరియా ట్రస్టుతో కలిసి తల్లీబిడ్డల ఆరోగ్యం మీద, పెరటి కూరగాయల తోటల మీద పనిచేశారు. ప్రయోగశాలలో రక్తంలో చూసిన కొరతని పళ్ళెంలో తీర్చడానికి వెళ్ళారన్నమాట.

సంఘానికి నా విన్నపాలు రెండు. స్వర్ణోత్సవ నిధిలో మిగిలిన డబ్బుతో ఏటా మన బడి ఆడపిల్లలకి రక్తపరీక్ష చేయిద్దాం, తక్కువున్నవాళ్ళ ఇంటికి కబురు పంపుదాం. రెండోది, ఆనాడు తిప్పేసిన ఆ పేజీని ఒక డాక్టరు గారి చేత మగపిల్లలకీ ఆడపిల్లలకీ చెప్పిద్దాం. మొదటి ఏడాది ఖర్చు నాది.

ఇవాళ భోజనాలయ్యాక ఇంటికి వెళ్ళి, రాత్రికి ఆఖరున తినే మనిషి పళ్ళెంలో ఏముందో ఒక్కసారి చూడండి. మా అమ్మ పళ్ళెం చూసే అవకాశం నాకిక లేదు.

సెలవు.