గాలి నుండి విద్యుచ్ఛక్తి: పంచాయతీలు తెలిసికొనవలసిన విషయములు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కళ్లము చేసిన ప్రతి రైతునకును గాలి విలువ తెలియును. నూర్చిన గింజలను తూర్పారబట్టుటకు గాలి కొరకు కాచుకొనియుండి, అది వీచినంతనే పని ముగించుకొనుట మన పెద్దల అలవాటు. ఆ గాలియే నేడు విద్యుత్తును పుట్టించుచున్నది. రామగిరి కొండలపై 1990 తరువాతి సంవత్సరములలో నిలిచిన గాలిమరలతో ప్రారంభమైన ఈ పని, నేడు రాయలసీమ గుట్టలపై విస్తరించి, ఆంధ్రప్రదేశ్‌లో 4,000 మెగావాట్ల సామర్థ్యమును దాటినది.

ఈ మరలను గూర్చి గ్రామములలో రెండు విధములైన మాటలు వినబడుచుండును. ఇవి మేఘములను చెదరగొట్టి వానను తరిమివేయుచున్నవని కొందరందురు. ఇవి వచ్చినవి గనుక ఇక బొగ్గుతో పనియే లేదని మరికొందరందురు. ఈ రెండును సరియైన మాటలు కావు.

మొదట వాన సంగతి. మహారాష్ట్రములోని రైతులు కూడ ఒకప్పుడు ఈ సందేహమునే వెలిబుచ్చిరి. కరవు వచ్చిన యేట కొండపై క్రొత్తగా తిరుగుచున్న వస్తువు కంటబడిన, దానిని అనుమానించుట సహజమే. అట్లు అనుమానించినవారిని పరిహసింపరాదు. కాని మర రెక్క కొన అందుకొనునది 150 లేక 200 మీటర్ల ఎత్తు మాత్రమే. వాన కురిపించు మేఘములు అంతకు పైన కొన్ని కిలోమీటర్ల వరకు వ్యాపించియుండును. మర వెనుక గాలి కొంత దూరము సుడివడును. ఆ సమీపమున రాత్రివేళ నేలపై వేడిమి స్వల్పముగా మారవచ్చును. అంతకుమించి, సముద్రము మీదుగా వచ్చు ఋతుపవనమును ఆపు శక్తి దానికి లేదు. ఒక్క గాలిమరయు లేని కాలముననే అనంతపురము సీమ కరవు సీమ. నైరృతి ఋతుపవనము తన తడిని పడమటి కనుమలకు అవతలనే విడిచి, ఇవతలకు పొడిగాలియై వచ్చుటయే అందుకు ముఖ్య కారణము. మనకు వాన తక్కువ చేసినదియు, మరను తిప్పుచున్నదియు ఆ గాలియే!

ఇక బొగ్గు సంగతి. 2023-24 సంవత్సరమున మన దేశములో ఉత్పత్తియైన విద్యుత్తులో నూటికి 70 పాళ్లకు మించి బొగ్గు నుండియే వచ్చినది. ఒక యూనిట్ విద్యుత్తునకు సుమారు 650 గ్రాముల బొగ్గు మండవలెను. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. నూటికి 30 మొదలు 45 వరకు ఉండును. పైగా ఆవిరిని చల్లార్చుటకు నీరు కావలెను. చల్లార్చు గోపురములు గల పాత విద్యుత్కేంద్రములు యూనిట్ ఒక్కింటికి మూడున్నర లీటర్లకు మించి నీరు వాడరాదని 2015లో కేంద్ర ప్రభుత్వము నిబంధన చేసినది.

దీనిని మన పొలములోనికి తెచ్చి చూతము. ఐదు అశ్వశక్తుల మోటారు ఏడు గంటలు నడిచిన సుమారు 26 యూనిట్లు ఖర్చగును. ఆ విద్యుత్తు బొగ్గు నుండి వచ్చినదైనచో, ఆ ఒక్క దినమున ఆ ఒక్క మోటారు కొరకు ఎచ్చటనో 17 కిలోల బొగ్గు మండినది, 6 కిలోల బూడిద మిగిలినది. మన బావిలోని నీటిని పైకి తెచ్చుకొనుటకు అచ్చట మరియొక 90 లీటర్ల నీరు ఖర్చయినది. మోటారు వద్ద పొగ లేదు, మసి లేదు. కావుననే ఈ ఖర్చు మన కంటికి కనబడదు. ముద్దనూరు సమీపమునగల రాయలసీమ ఉష్ణ విద్యుత్కేంద్రము చుట్టుపట్లవారికిని, కృష్ణాతీరమున ఇబ్రహీంపట్నమువారికిని కనబడును. బూడిదను నీటితో కలిపి చెరువులవంటి గుంటలకు పంపెదరు. ఆ గుంట ఎండి గాలి లేచినపుడు అది చేలమీదను, ఇండ్లమీదను పడును. అందులో పాదరసము, ఆర్సెనిక్ వంటి విషపదార్థములు స్వల్ప పరిమాణములోనైనను ఉండును. ఇటుకలకును, సిమెంటునకును బూడిదను వాడుచున్నమాట నిజమే. అయినను ఇటుకయైన బూడిద కూడ మొదట బొగ్గుగా గని నుండి త్రవ్వబడినదే, రైలుపై వచ్చినదే.

ఇప్పుడు కొండపై నిలిచిన ఒక్క మరను లెక్కింతము. 2 మెగావాట్ల మర మంచి గాలి గల తావున సాలునకు సుమారు 40 లక్షల యూనిట్లు ఇచ్చును. ఆ యూనిట్లు బొగ్గు నుండి రావలసివచ్చినచో 2,600 టన్నుల బొగ్గు, అనగా పది టన్నుల లారీలు 260 నిండవలెను. బూడిద 900 టన్నులు మిగులును. నీరు, పై నిబంధన మేరకే లెక్కించినను, ఒక కోటి 40 లక్షల లీటర్లు. గాలిమరకు నీటితో పనిలేదు. కరవు సీమలోని పంచాయతీ సభ్యులు పొగ మాటకన్న ముందు ఈ నీటి మాటను గుర్తింపవలెనని నా అభిప్రాయము.

పొగ మాట కూడ చిన్నది కాదు. బొగ్గు మండినపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు ఆకాశమున పేరుకొని భూమి వేడిమిని పెంచుచున్నది. దానివలన ఎండలు ముదురుచున్నవి, వానలు తప్పిన ఎక్కువగా తప్పుచున్నవి, పడిన ఒక్కమారుగా పడుచున్నవి. మరను చేయుటకు ఉక్కు, సిమెంటు కావలెను గదా, ఆ పొగ ఎచ్చటికి పోయినదని ఎవరైన అడుగవచ్చును. సరియైన ప్రశ్నయే. వాతావరణ మార్పులను పరిశీలించు ఐక్యరాజ్యసమితి అంతర్ ప్రభుత్వ సంఘము 2014లో, తయారీ మొదలు తొలగింపు వరకు అన్నియు కలిపి లెక్కగట్టినది. ఆ లెక్క ప్రకారము యూనిట్ ఒక్కింటికి బొగ్గు వలన సుమారు 820 గ్రాములు, నేలపై నిలిపిన గాలిమర వలన 11 గ్రాములు.

అట్లయిన బొగ్గు కేంద్రములన్నిటిని రేపే మూసివేయరాదా? మూసివేయలేము. గాలి మన మాట వినదు. ఆషాఢ శ్రావణములలో చెట్లు వంగునట్లు వీచి, శీతకాలమున ఆకు కదలకుండ ఊరకుండును. గాలి వేగము సగమైన, దాని శక్తి సగము కాదు, ఎనిమిదవ వంతునకు పడిపోవును. కావున గాలి లేనపుడు విద్యుత్తు వేరొక చోటి నుండి రావలెను. మిగులు విద్యుత్తుతో నీటిని ఎగువకు తోడి, కావలసినపుడు దిగువకు వదలి మరల విద్యుత్తు తీయుట ఒక మార్గము. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రములోని 150 మెగావాట్ల యంత్రములు ఆరును ఇట్లు రెండువైపుల పనిచేయగలవి. అట్టి సదుపాయములు పెరుగునంతవరకు బొగ్గు ఉండితీరును. అయినను గాలి వీచిన ప్రతి గంటయు కొంత బొగ్గు మండక మిగులుచున్నది. ఆ మిగులే మనకు లాభము.

నష్టములను దాచుట మంచిది కాదు. పొడవైన రెక్కలను కొండపైకి చేర్చుటకు వెడల్పైన బాటలు త్రవ్వెదరు. బాట సరిగా వేయనియెడల తొలి వానకే మన్ను కొట్టుకొనిపోయి వంకలును, చెరువులును పూడును. గొఱ్ఱెలు మేయు గుట్టకు దారి మూసిపోవచ్చును. ఇండ్లకు మరీ చేరువైన మర చప్పుడు రాత్రి నిద్రకు భంగము. పక్షుల సంగతి అన్నిటికంటె చిక్కైనది. నందికొట్కూరు ప్రాంతమునగల రోళ్ళపాడు అభయారణ్యమును 1988లో బట్టమేక పిట్ట కొరకే ఏర్పరచిరి. దేశమంతటను ఆ జాతి పక్షులు 150కి మించి లేవని అంచనా. రోళ్ళపాడులో ఇటీవల అవి కనబడుటయే అరుదు. ఆ పక్షికి ఎదుటి చూపు తక్కువ, శరీరము బరువు. ఎగురుచు విద్యుత్ తీగలను తప్పించుకొనజాలదు. రాజస్థాన్, గుజరాత్‌లలో ఈ తీగల తగవు 2019లో సుప్రీంకోర్టు ముందునకు పోయినది. పొగ లేని విద్యుత్తు కొరకు ఒక పక్షిజాతిని పోగొట్టుకొనుట ఏ లెక్కకును సరిపడదు. అట్టి బయళ్లను విడిచిపెట్టి మరలకు వేరు తావులు చూచుట సాధ్యమే.

ఈ విషయములన్నియు ఎవరో పైవారు చూచుకొందురని మనము ఊరకుండరాదు. పంచాయతీ తానే పూనుకొన్న ఏమగునో తమిళనాడులోని ఓడంతురై చూపినది. కోయంబత్తూరు జిల్లాలో మేట్టుపాళయము వద్దనున్న ఈ పంచాయతీ ఇంటింటికి మంచినీరు ఇచ్చినది. నీటితోపాటు మోటార్ల విద్యుత్ బిల్లును పెరిగినది. మొదట వీధిదీపములు కొన్నిటిని సూర్యరశ్మితో వెలిగించిరి. చెక్క ముక్కలను మండించి వాయువు తీయు యంత్రముతో నీరు తోడించిరి. అవి చాలకపోగా 2006లో పంచాయతీ సొంతముగా 350 కిలోవాట్ల గాలిమరను కొనినది. వెల ఒక కోటి 55 లక్షల రూపాయలు. అందులో 40 లక్షలు పంచాయతీ నిల్వ సొమ్ము. మిగిలిన ఒక కోటి 15 లక్షలు బ్యాంకు అప్పు.

ఇందు గమనింపదగిన విశేషమొకటి గలదు. ఆ మర ఓడంతురైలో లేదు. ఆ ఊర తగిన గాలి లేదు గనుక, వంద కిలోమీటర్లకు పైగా దూరమున ఉడుమలపేట వద్ద మైవాడిలో దానిని నిలిపిరి. అచ్చట పుట్టిన విద్యుత్తు గ్రిడ్డులో కలియును. సాలునకు సుమారు 6 లక్షల 75 వేల యూనిట్లు వచ్చుననియు, పంచాయతీ అవసరము నాలుగున్నర లక్షలనియు, మిగిలినది విద్యుత్ బోర్డునకు విక్రయింపబడుననియు వారు ప్రకటించిన లెక్క. ఆ రాబడితోనే అప్పు తీరినది. బొగ్గు లెక్కన చూచిన, ఒక్క గ్రామ పంచాయతీ సాలునకు 430 టన్నులకు పైగా బొగ్గును మండకుండ చేసినది.

డెన్మార్కు దేశములో సామ్సో అను చిన్న దీవియందు కూడ ఇట్లే జరిగినది. 2000లో నేలపై నిలిపిన 11 మరలలో తొమ్మిదింటిని రైతులును, రెండింటిని దీవిలోని వందలాది కుటుంబములు వాటాలు వేసికొనియు కొనిరి. తరువాత సముద్రములో నిలిపిన పదింటిలో ఐదు అచ్చటి స్థానిక సంస్థవి. తమ వాటా తిరుగుచున్న మర చప్పుడు ఎవరికిని కష్టముగా తోచదని అచ్చటివారు హాస్యముగా చెప్పుకొందురట!

ఓడంతురై చేసినదానిని మన ఊరు మక్కికి మక్కి చేయవలెనని నేను చెప్పుట లేదు. ఒకచోట పుట్టిన విద్యుత్తును మరియొకచోట జమకట్టు నియమములు రాష్ట్రమునకొక విధముగ ఉండును, కాలక్రమమున మారుచుండును. ముందుగా విద్యుత్ నియంత్రణ మండలి నియమములను, పంపిణీ సంస్థ అధికారులను విచారింపవలెను. గాలి బలము ఎచ్చట ఎంతయో చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ కొలిచి పటములు ప్రచురించినది; వానిని చూడకుండ ఏ వ్యాపారి మాటయు నమ్మరాదు.

సొంత మర కొనకపోయినను, కంపెనీవారు మన గుట్టపైకి వచ్చినపుడు గ్రామసభలో అడుగవలసిన ప్రశ్నలు గలవు. బాటకు ప్రక్కకాలువలు ఎవరు త్రవ్వెదరు? మేతదారి ఎటు? 25 సంవత్సరములు గడచి మర పాతబడిన పిదప దానిని దింపు ఖర్చు ఎవరిది? గాజునారతో చేసిన ఆ రెక్కలు సులభముగా కరగించి మరల వాడదగినవి కావు. వానిని ఎచ్చటికి తీసికొనిపోయెదరు? సమాధానములు నోటిమాటగా గాక ఒప్పందములో వ్రాతమూలకముగా ఉండవలెను. భూమిని కౌలునకిచ్చు రైతు సంతకము చేయుటకు ముందు ఆ కాగితమును తెలుగులో చదివించుకొని వినవలెను.

మీరు ఊరు చేరిన పిమ్మట చేయదగిన మొదటి పని ఇది. మంచినీటి మోటార్లకును, వీధిదీపములకును గడచిన పండ్రెండు నెలలలో ఎన్ని యూనిట్లు ఖర్చయినవో, ఎంత సొమ్ము చెల్లించితిరో బిల్లులు ముందు పెట్టుకొని కార్యదర్శితో కలిసి ఒక కాగితముపై వ్రాయుడు. ఓడంతురైవారు మొదలుపెట్టినదియు ఆ బిల్లు నుండియే. ఆ లెక్క చేతలేనిదే ఏ అధికారియు, ఏ బ్యాంకును మీతో మాట ముందునకు సాగింపజాలరు.