వయసు లేని దొంగ

చిత్రకారుడు గీసిన మనిషికి వయసు రాదు. అతనికి గొంతునిచ్చిన మనిషికి వస్తుంది. ఆ గొంతును విని పెరిగిన ప్రేక్షకునికీ వస్తుంది. ఏళ్ల తరబడి సాగే ధారావాహిక చిత్రాలను గురించి అభిమానుల మధ్య చెలరేగే వాదాలన్నింటికీ మూలం ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయము. జపాను దేశపు 'మూడవ లూపాన్' చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము.

ఈ లూపాన్ ఒక గజదొంగ. 1967 ఆగస్టులో ఒక వారపత్రికలో బొమ్మల కథగా ఇతడు పుట్టినాడు. సృష్టికర్త మంకీ పంచ్ అనే కలం పేరు గల కజుహికో కాతో. ఫ్రెంచి రచయిత మారిస్ లెబ్లాన్ 1905లో సృష్టించిన మర్యాదస్తుడైన దొంగ ఆర్సేన్ లూపాన్‌కు ఇతడు మనుమడని కథలోని కల్పన. గురి తప్పని జిగెన్, కత్తి పట్టిన గొయెమోన్, ఎవరి పక్షమున ఉన్నదో చివరిదాకా తెలియనీయని ఫుజికో ఇతని సహచరులు. పట్టి తీరుతానని లోకమంతా వెంటాడే ఇన్‌స్పెక్టరు జెనిగత ఇతని ప్రతిపక్షము. చంపానగరములోని లోభులను కొల్లగొట్టిన అపహారవర్మ కథను దండి చెప్పగా, కేతన తెనిగింపగా చదువుకొన్న మనకు, నేర్పరియైన దొంగను చూచి ముచ్చటపడుట కొత్త కాదు.

1971 అక్టోబరులో ఈ కథ టెలివిజనుకు ఎక్కినది. తొలి ప్రదర్శనలకు ఆదరణ కొరవడినది. దర్శకుడు మసాకి ఒసుమిని నడుమనే తప్పించి హయావో మియజాకి, ఇసావో తకహతల చేతికి పని అప్పగించినారు. అయినను 23 భాగాలతో అది ముగిసిపోయినది. తరువాత పునఃప్రసారాలలో జనము దానిని ఆదరించినారు. ఆ ఆదరణ ఫలితముగానే 1977లో రెండవ ధారావాహిక వచ్చి, మూడేళ్లపాటు 155 భాగాలు నడిచినది. మొదటిదానిలో లూపాన్ తొడిగినది ఆకుపచ్చ కోటు, రెండవదానిలో ఎర్ర కోటు. 1984లో గులాబి రంగు, 2015లో నీలము. నాటినుండి అభిమానులు కోటు రంగును బట్టి తెగలుగా చీలినారు. ఎవరు ఏ రంగు కోటుతో లూపాన్‌ను మొదట చూచినారో, వారికి అదియే అసలు లూపాన్. మియజాకి దర్శకత్వములో 1979లో వచ్చిన 'కాగ్లియోస్ట్రో కోట' నేడు లోకప్రసిద్ధము. కాని అందులోని దయాళువైన దొంగ తన లూపాన్ కాడని మూలకర్తయే అన్నాడు. అసలెవరో, నకలెవరో తేల్చుట సృష్టికర్తకే సాధ్యము కానప్పుడు ప్రేక్షకులు కలహించుటలో వింత ఏమున్నది?

రంగు మారితే కన్ను నాలుగు రోజులలో సరిపెట్టుకొంటుంది. చెవి అంత తొందరగా ఒప్పుకోదు. గొంతుతోనే లోకమునకు పరిచయమయ్యే మా రేడియో వృత్తివారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1987లో ఒక చిత్రమునకు ఖర్చు తగ్గించుకొనుటకై నటులనందరినీ మార్చినారు. అభిమానులు సహింపలేదు. పాత గొంతులు తిరిగి రావలసి వచ్చినది. కాని మృత్యువు నిర్మాత వంటిది కాదు, అభ్యంతరములకు లొంగదు. 1971 నుండి లూపాన్‌కు గొంతునిచ్చిన యసువో యమద 1995 మార్చిలో కన్నుమూసినాడు. అతని గొంతును అనుకరించి పేరు తెచ్చుకొన్న కనిచి కురితకు ఆ పాత్ర దక్కినది. ఇది అనుకరణయే గాని నటన కాదని విమర్శించినవారు కలరు.

ఇక 2021 అక్టోబరులో, టెలివిజనులో అడుగు పెట్టి ఏబదియేండ్లు నిండిన వేళ, ఆరవ ధారావాహిక ప్రారంభమైనది. ఈసారి రంగస్థలము లండను, ప్రత్యర్థి షెర్లాక్ హోమ్స్. దీనికొక చరిత్ర ఉన్నది. లెబ్లాన్ తన దొంగకు ఎదురుగా హోమ్స్‌ను నిలిపినప్పుడు కోనన్ డోయల్ అభ్యంతరము చెప్పగా, అక్షరాలు తారుమారు చేసి హెర్లాక్ షోమ్స్‌గా మార్చుకొన్నాడు. తాత కథలో మారుపేరుతో తిరిగినవాడు మనుమని కథలో సొంత పేరుతో వచ్చినాడన్నమాట. 1980 దశకములో లూపాన్ చిత్రమొకటి తలపెట్టి, అది రద్దుకాగా నిరాశపడిన మమోరు ఒషీ ఇందులో కొన్ని భాగాలకు రచన చేసినాడు. అపరాధ పరిశోధక కథకులను కొందరిని కూడ పిలిపించినారు. ఈ వైవిధ్యమును మెచ్చినవారు ఉన్నారు. కథలు ఒకదానితో ఒకటి అతకలేదని, పరిశోధన పెరిగి దొంగతనములోని సరదా తగ్గినదని విసుగుకొన్నవారూ ఉన్నారు.

అయితే అభిమానులను అన్నింటికంటె కదిలించినది కథ కాదు, ఒక వీడ్కోలు. 1971 నుండి జిగెన్‌గా పలికిన కియోషి కోబయాషి తన 88వ యేట విరమించుకొన్నాడు. మొదటి భాగమునకు ముందు సున్న సంఖ్యతో ఒక ప్రత్యేక భాగమును తయారుచేసి, అతని చేత చివరిసారి పలికించినారు. అతని స్థానమునకు వచ్చిన అకియో ఒత్సుక తండ్రి చికావో ఒత్సుక, 1971లో గొయెమోన్ పాత్రకు గొంతునిచ్చినవాడు. కథలో తాత వృత్తి మనుమనికి వచ్చినట్లు, తెర వెనుక తండ్రి వృత్తి కొడుకునకు వచ్చినది. అయినప్పటికీ, 'ఇతడు మా జిగెన్ కాడు' అన్న మాట వినవచ్చినది. 2022 జులైలో కోబయాషి మరణించినాడు.

ఈ మాటను తొందరపడి త్రోసిపుచ్చరాదు. అది అసహనము వలె వినిపించినను, దాని అడుగున ఉన్నది కృతజ్ఞత. చిన్ననాటి సాయంకాలములను నింపిన గొంతు ఒకటి ఆగిపోయినదన్న బాధను మనిషి ఏదో ఒక మాటతో చెప్పుకోవలెను గదా. కాని ఒక చిన్న లెక్క ఉన్నది. యమద లూపాన్‌గా పలికినది 24 ఏండ్లు. 2021 నాటికి కురిత పలికినది 26 ఏండ్లు. అనుకరణ అనిపించుకొన్న గొంతు అసలు గొంతుకంటె ఎక్కువ కాలము నిలిచినది. ఒత్సుకను చూచి పెదవి విరిచిన యువకులలో, కురిత గొంతునే లూపాన్ గొంతుగా ఎరిగినవారు ఎందరో ఉందురు. ఒకప్పుడు తండ్రులు ఒప్పుకోని దానినే కొడుకులు సంప్రదాయముగా కాపాడుకొనుచున్నారు.

కావున కొత్తదానిని చూచి తీర్పు చెప్పుటకు తొందర అక్కరలేదు. మొదటి భాగమును పాత జ్ఞాపకముతో వింటాము, పదవ భాగమును గాని కథతో వినలేము. పాతవానిని మరువనక్కరలేదు, కొత్తవానికి కొంత గడువు ఇచ్చిన చాలును. 1971లో ఆ గడువు దొరకకనే ఆకుపచ్చ కోటు దొంగ 23 వారాలకే తెర దిగినాడు. యాభై యేండ్ల తరువాత, ఆరవ ధారావాహికలో, అతనికి తొడుగుటకు నిర్మాతలు ఎన్నుకొన్నది ఆ ఆకుపచ్చ కోటునే.