తిరస్కరణ ఉత్తరం వస్తే ఊరుకోకండి

సైన్యంలో గాయపడో, జబ్బుపడో ఇంటికొచ్చినవాళ్లు మన ఓరుగల్లు పల్లెల్లోనూ ఉన్నారు. వైకల్య పింఛను అడిగితే కొందరికి ఒకటే జవాబు: మీ జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదు.

ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయికీ అదే జవాబు. 1985లో చేరాడు. ఆరోగ్యంగా చేరాడు. తొమ్మిదేళ్లకు మూర్ఛ జబ్బని ఇంటికి పంపారు. పింఛను లేదన్నారు. 2013లో సుప్రీంకోర్టు ఏమందో వినండి. చేరేనాటి వైద్య పత్రంలో ఆ జబ్బు రాసి లేకపోతే, అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి. కాదని రుజువు చేయాల్సింది ప్రభుత్వం. సిపాయి కాదు.

అయినా ఇలాంటి కేసుల్లో ప్రభుత్వం అప్పీళ్లు ఆపలేదు. రక్షణ శాఖ వేసిన కమిటీయే 2015లో ఈ తీరును తప్పుపట్టింది. సరిహద్దులో ఒళ్లు గుల్ల చేసుకున్న మనిషిని కోర్టుల చుట్టూ తిప్పడం అన్యాయం. ఆ మాట గట్టిగానే అంటాను.

అందుకే, ఉత్తరం చూసి ఊరుకోకండి. బీరువాలోంచి డిశ్చార్జి బుక్కు తీయండి. మెడికల్ బోర్డు కాగితాలు తీయండి. వరంగల్ సైనిక సంక్షేమ కార్యాలయం సాయంతో అప్పీలు చేయండి. అప్పీలులోనూ కాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మనం చెన్నై బెంచి కిందికి వస్తాం. ముఖ్యంగా, చేరేనాటి వైద్య పత్రం నకలు అడగడం మరచిపోకండి.