యాంటీవైరస్ కొనే ముందు



మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు జోహార్లు.

మన తండాల్లో, కాలనీల్లో ఒక ఇంట్లో కంప్యూటర్ ఉందంటే అది ఆ ఇంటోళ్ళది మాత్రమే కాదు. ఊరందరి కుల సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, అటవీ హక్కుల క్లెయిము కాగితాలు అందులోనే ఉంటాయి. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే ఆ భూమి మన స్వాధీనంలో ఉందని చూపించే కాగితం పోతే మళ్ళీ ఎక్కడ తెస్తాం?

అందుకే చాలామంది అడుగుతా ఉన్నారు: "అన్నా, ఏ యాంటీవైరస్ కొనాల?" ముందు అప్‌డేట్ చెయ్యండి, కొనేది తర్వాత.

2017 మే 12న వనాక్రై ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళకు తాళం వేసి, తియ్యాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అప్పట్లో ఈ మూడు ఊర్లూ ఆ జిల్లావే. విండోస్‌లో అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది, ఉచితంగా! ఎక్స్‌పీ లాంటి పాత విండోస్‌కు మాత్రం దాడి జరిగాకే ఇచ్చారు.

విండోస్ 10, 11లో డిఫెండర్ ముందే ఉంటుంది. ఇంటి వాడకానికి అది చాలు అని నా అభిప్రాయం. అమ్మేవాళ్ళు ఒప్పుకోరులెండి. కానీ క్రాక్ విండోస్ వేసేటప్పుడు మొదట డిఫెండర్‌నే ఆఫ్ చేయిస్తారు. తలుపు తీసిపెట్టి కొత్త తాళం కొన్నట్టు! నెట్ సెంటర్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్‌ను ఇంటికి రాగానే స్కాన్ చెయ్యండి. రెండు యాంటీవైరస్‌లు కలిపి వెయ్యొద్దు, మిషన్ నత్తలా నడుస్తుంది.

విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మీ పాత మిషన్ 11ను తీసుకోకపోతే లైనక్స్ మింట్ వేసుకోవచ్చు. రూపాయి ఖర్చు లేదు, తెలుగు టైపింగూ అవుతుంది.

యాంటీవైరస్‌కు దాచిన డబ్బుతో ఒక హార్డ్ డిస్క్ కొనండి. కాగితాలన్నీ కాపీ చేసి, డిస్క్ ఊడదీసి, వేరే ఇంట్లో పెట్టండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

ల్యాప్‌టాప్ తెచ్చినోళ్ళు భోజనాలయ్యాక ఇక్కడే ఉండండి. అప్‌డేట్ పెట్టేసి పోదాం.