కన్ను చూచునది, మనస్సు గ్రహించునది
(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ప్రసంగ పాఠము)



“కన్నులార చూచితిని” అని ఒకడు చెప్పినచో లోకము వేరొక ప్రమాణమును కోరదు. రచ్చబండ వద్దనైనను, న్యాయస్థానమునందైనను చూచినవాని మాటకు అంతటి విలువ కలదు. అయితే అందు కన్ను చూచినది ఎంత, మనస్సు చేర్చినది ఎంత అని మనస్తత్వశాస్త్రము ప్రశ్నించుచున్నది. ఇంద్రియమునకు తగిలినది సంవేదనము. దానికి మనస్సు కూర్చిన అర్థము ప్రత్యక్షీకరణము.

ఇంటిలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. మూడు గిన్నెలలో వరుసగా చల్లని నీరు, గోరువెచ్చని నీరు, చేయి ఓర్వగల వేడినీరు పోయవలెను. ఒక చేతిని చల్లని నీటను, రెండవ చేతిని వేడినీటను కొంతసేపు ఉంచి, పిమ్మట రెంటిని ఒక్కసారిగా గోరువెచ్చని నీట ముంచవలెను. అదే నీరు ఒక చేతికి వేడిగాను, రెండవ చేతికి చల్లగాను తోచును. ఈ విషయమును 17వ శతాబ్దముననే జాన్ లాక్ అను ఆంగ్ల తత్త్వవేత్త వ్రాసెను. చర్మము ఉష్ణమాపకము వంటిది కాదు. అంతకు ముందున్న స్థితినుండి కలిగిన మార్పునే అది ముఖ్యముగా తెలుపును.

చైతన్యపురి మెట్రో స్టేషనులోను ఇట్టి అనుభవము కలుగవచ్చును. ఈ మార్గమున 2018 సెప్టెంబరు 24న రైళ్లు ప్రారంభమైనవి. ఆగియున్న రైలులో కూర్చున్నవాడు, ప్రక్క పట్టాలపై రైలు కదలగానే తన రైలే కదలినదని భ్రమపడును. చెవి లోపల గమనమును తెలుపు అవయవము కలదు గాని, అది వేగములోని మార్పునే తెలుపును. ఒకే వేగమున సాగు పయనమును ఎరుగదు. కావున మనస్సు కంటిమాటనే నమ్మును. స్టేషను స్తంభమును చూచినంతనే భ్రమ తొలగును.

ఈ విచారము మనవారికి క్రొత్త కాదు. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ప్రత్యక్షమును రెండు విధములుగా విభజించెను. “ఏదియో కలదు” అనునంతటి జ్ఞానము నిర్వికల్పకము. “ఇది ఫలానిది” అని పేరు, గుణములతో తెలియునది సవికల్పకము. ముత్యపుచిప్పను వెండి యనుకొనుట విపర్యయము. “మోడా, మనిషియా” అని తటపటాయించుట సంశయము. 19వ శతాబ్దపు జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కూడ, మనకు తెలియకయే జరుగు ఊహ ప్రతి చూపునందును ఇమిడియున్నదని చెప్పెను.

మునిమాపువేళ చేనిగట్టున ఆకారమును చూచి “ఫలానావాడే దొంగ” యని పలికిన సాక్షి అబద్ధికుడు కాకపోవచ్చును. కన్ను చూచినది నీడను. ఆ నీడకు పేరు పెట్టినది మనస్సులోని పాతపగయో, విన్నమాటయో కావచ్చును. సంశయమున నిలిచి, దీపము తెచ్చి చూచినవాడు ఒక నిరపరాధిని కాపాడగలడు.

నేర్చినదానిని బట్టి చూపు మారుననుటకు చైతన్యపురిలోనే నిదర్శనము కలదు. మూసీనది చెంత, ఫణిగిరి కొండపై, నరసింహస్వామి ఆలయము వద్ద ఒక బండపై ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో శాసనము చెక్కబడియున్నది. అది విష్ణుకుండినుల కాలమునాటిదనియు, సుమారు ఐదవ శతాబ్దపుదనియు చెప్పుదురు. లిపి నేర్వనివాని కంటికి అవి వట్టి గీతలు. నేర్చినవానికి ఆ గీతలలోనే గోవిందరాజ విహారమను బౌద్ధ భిక్షువుల నివాసము గోచరించును. ఇరువుర కన్నులలో పడు వెలుగు ఒక్కటియే. భేదమంతయు చదువునందే కలదు.

గ్రంథాలయము ఊరికి చేయు మేలు ఇదియే. పుస్తకము చదువరికి క్రొత్త విషయములను చూపుటయే గాక, తన చూపును తాను పరీక్షించుకొను అలవాటును నేర్పును. “చూచితిని” అని పలుకుటకు ముందు, ఎంత వెలుతురున, ఎంత దూరమునుండి, ఏ తలంపుతో చూచితినని ప్రతివాడును ప్రశ్నించుకొన్నచో, ఊరిలో పెక్కు తగవులు పుట్టకమునుపే అణగిపోవును.