కరెంటు కారు: కష్టసుఖములు

పూర్వము మన పల్లెలలో ఎద్దుల జతను కొనవలెనన్న ఇంటివారు ఎంతో విచారణ చేసెడివారు. పండ్లు చూచి వయస్సు తెలిసికొనుట, గిట్టలు చూచుట, సుడులు లెక్కించుట, ఒక సాలు దున్నించి చూచుట - ఇన్ని పరీక్షలు ముగిసినగాని బేరము కుదిరెడిది కాదు. నేడు అంతకు ఎన్నో రెట్లు ధరగల మోటారుకారును కొనువేళ ఆ విచారణలో పదవవంతైనను చేయుచున్నామా యని సందేహము. అందులోను కరెంటుతో నడచు కారు విషయమున మనలో రెండే పక్షములు కనబడుచున్నవి. ఒక పక్షము వారికి అది కామధేనువు. రెండవ పక్షము వారికి అది నడిదారిలో కూలబడు మొండియెద్దు. 2022 నుండి అట్టి బండిని ఇంట ఉంచుకొన్నవారము గనుక, అది ఈ రెండును కాదని మేము చెప్పగలము.

మా ఊరు పామర్రు. బెజవాడనుండి బందరు పోవు రహదారియు, గుడివాడనుండి వచ్చి కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమకు పోవు దారియు ఇచ్చట కలియును. రైలు మాత్రము మా ఊరికి రాలేదు; బందరు రైలుమార్గము గుడివాడ, పెడనల మీదుగా పోయినది. ఒకప్పుడు బందరు కాలువపై పడవలు నడచెడివి; ఆ కాలమును గడచిపోయినది. కాబట్టి ఆసుపత్రికైనను, కళాశాలకైనను, కచేరి పనికైనను మాకు రోడ్డే ఆధారము. గుడివాడ మాకు సుమారు 15 కిలోమీటర్లు, బందరు 30, అవనిగడ్డ 40, బెజవాడ 45. ఈ అంకెలను ముందుగా చెప్పుటకు కారణమున్నది. కారు కొనదలచినవారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ‘ఈ బండి ఎంత దూరము పోవును?’ అన్నది కాదు. ‘మనము ఎంత దూరము పోవుదుము?’ అన్నది.

కరెంటు కారు నిన్న మొన్న పుట్టిన వింత కాదు. గంటకు నూరు కిలోమీటర్ల వేగమును మొదట దాటిన కారు కరెంటుదే. 1899లో బెల్జియము దేశీయుడు కమీ జెనాట్జీ దానిని నడపెను. ఆ కాలమున పెట్రోలు కారును కదలించుటకు ముందు నిలబడి ఇనుప పిడిని బలముగా త్రిప్పవలసి యుండెడిది. 1912లో అమెరికాలో మీట నొక్కినంతనే ఇంజను కదలు ఏర్పాటు కాడిలాక్ కార్లలో వచ్చినది. పెట్రోలు చౌకగా దొరకినది. బరువైన సీసపు బ్యాటరీలు దానితో పోటీపడలేక వెనుకబడినవి. మన దేశమున 2001లో బెంగుళూరునుండి రేవా అను చిన్నకారు వెలువడినది. ఈ కథను మార్చినది లిథియము బ్యాటరీ. దానిని తీర్చిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. చేతిలోని ఫోనును నడపునది ఏదో, ముంగిటిలోని కారును నడపునదియు అదియే.

ఇక లాభములను చూతము. పెట్రోలు ఇంజనులో మండిన నూనె శక్తిలో చాలభాగము వేడియై, పొగయై పోవును. చక్రములకు అందునది సుమారు నాలుగవ వంతు. కరెంటు మోటారులో అట్లు కాదు. ఇచ్చిన శక్తిలో చాలభాగము పనిగా మారును. వేగము తగ్గించినపుడు మోటారు తానే డైనమోవలె పనిచేసి కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి చేర్చును. ఇంజను ఆయిలు మార్పించుట లేదు, క్లచ్చి అరుగుట లేదు, సైలెన్సరు తుప్పు పట్టుట లేదు.

డబ్బు లెక్కకు వత్తము. మా బండికి నూరు కిలోమీటర్లకు, చార్జింగులో పోవు నష్టముతో గూడ, సుమారు 15 యూనిట్లు పట్టుచున్నవి. యూనిటు 10 రూపాయలని ఎక్కువగానే వేసికొన్నను 150 రూపాయలు. అంతే దూరమునకు పెట్రోలు కారు 6 లీటర్లు త్రాగును. లీటరు 110 రూపాయలనుకొన్నచో 660. అనగా కిలోమీటరుకు సుమారు 5 రూపాయలు మిగులు. ఈ అంకె వినగానే ఎవరికైనను ఉత్సాహము కలుగును. అయితే లెక్క ఇక్కడ ఆగరాదు.

అదే తరగతి పెట్రోలు కారుకంటె కరెంటు కారు 3 లక్షలు ఎక్కువ పడినదనుకొందము. కిలోమీటరుకు 5 రూపాయల వంతున ఆ 3 లక్షలు తిరిగి రావలెనన్న 60,000 కిలోమీటర్లు తిరుగవలెను. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగు ఉద్యోగికి, వర్తకునికి అయిదేండ్లలో ఆ సొమ్ము వచ్చును. ఆదివారము గుడికి, నెలకొకమారు పెండ్లికి, మొత్తము నెలకు 300 కిలోమీటర్లు మాత్రము తిరుగు ఇంటికి పదహారేండ్లు దాటును. అప్పటికి బండియే మిగిలియుండునో లేదో! కొంచెము తిరుగువాడు పొదుపుకొరకు ఈ కారు కొనుట, పావుసేరు పాలకొరకు గేదెను కొనుట వంటిది. ప్రభుత్వము 2019 ఆగస్టునుండి ఈ బండ్లపై జి.ఎస్.టి. నూటికి 5 మాత్రమే విధించుచున్నది. కాని 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై పన్నును 28 నుండి 18కి తగ్గించుటచే, పన్నులోని ఆ మేలును కొంత సన్నగిలినది.

రెండవ విషయము ఇంటిలోని కరెంటు. పెట్రోలు కారుకు ఇంటితో పని లేదు; ఈ కారుకు ఇల్లే పెట్రోలు బంకు. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గునుండి గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కును. 30 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా నిండవలెనన్న ఒక రాత్రి పట్టును. పాత ఇంటి తీగెలు అంతసేపు అంత బరువును మోయగలవా యని ముందు చూడవలెను. మా ఇంట మొదటివారమున ప్లగ్గు వేడెక్కి వాసన వచ్చినది. తప్పు బండిది కాదు, మా గోడలోని పాత తీగెది. తెలిసిన పనివానిచేత మీటరునుండి వేరుగా మందపు తీగె లాగించి, ఎర్తింగు సరిచేయించి, విద్యుత్ శాఖకు అర్జీ పెట్టి ఇంటి లోడును పెంచుకొన్న పిదప నిశ్చింత కలిగినది. ఈ ఖర్చును కారు ధరలో కలుపుకొనవలెను. అంతేకాదు; నెలకు 1,000 కిలోమీటర్లకు 150 యూనిట్లు అదనముగా మీటరులో చేరును. వాడకము పెరిగిన కొలది పై శ్లాబు రేటు పడునది గనుక, ఇంటి బిల్లు చూచి ఇల్లాలు ఆశ్చర్యపడును. మేము లెక్కలో యూనిటుకు 10 రూపాయలు వేసినది ఇందుకే.

సొంత ఇల్లు, సొంత షెడ్డు ఉన్నవారికి ఇది సాధ్యము. అద్దెకు మేడమీద వాటాలో ఉన్నవారి సంగతి ఏమి? ఇంటి యజమాని ఒప్పవలెను. మీటరు క్రిందికి రావలెను. వీధిలో నిలిపిన బండికి కిటికీనుండి తీగె వ్రేలాడదీయుట ప్రాణాపాయము. ఇట్టివారు బండికంటె ముందు స్థలమును విచారించుకొనవలెను.

మూడవది మన సీమకు ప్రత్యేకమైన కష్టము. 1977 నవంబరు 19నాటి ఉప్పెనను దివిసీమ మరువలేదు, మరువలేదు గూడ. ఇప్పటికిని బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదనగా ఇల్లిల్లు లాంతరులు తుడుచుకొనును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల ప్రాంతమున తీరము దాటినది. ఆనాడు మా వీధిలో కరెంటు పోయినది. చీకటిపడిన తరువాత మా తల్లిగారికి ఊపిరి అందక ఆయాసము ఎక్కువైనది. వైద్యుడు చూచి బెజవాడ తీసికొని పొమ్మనెను. బండి వద్దకు పోయి చూచితిమి. బ్యాటరీలో ఉన్నది నూటికి 18. దానితో గుడివాడ పోవచ్చును, బెజవాడ పోలేము. ముందుదినమే తుపాను హెచ్చరికను రేడియోలో వింటిమి. ‘రేపు పెట్టుదములే’ యని ప్లగ్గు పెట్టకపోతిమి. చేతులు నలుపుకొనుచు వాకిట నిలిచియుండగా ఎదురింటి బాబాయి గొడుగు వేసికొని వచ్చెను.

“ఏమిరా, మీ బండికి కరెంటు లేదా? మాదానిలో నూనె ఉన్నదిలే. అమ్మను ఎక్కించు, పోదాం పద” అనెను.

తల్లిగారు స్వస్థురాలై నాలుగవదినమున ఇంటికి వచ్చిరి. తరువాత చాలకాలము బాబాయి మా బండిని చూచినపుడెల్ల నవ్వెడివాడు. మేమును నవ్వితిమి గాని, ఆ రాత్రి గుండెలో మిగిల్చిన భయము నవ్వుతో పోలేదు. ఆనాటినుండి మా ఇంట ఒక నియమము ఏర్పడినది. వాయుగుండమను మాట వార్తలలో వినబడినంతనే నీళ్ళతొట్టి నింపుదుము, అగ్గిపెట్టెలు భద్రపరచుదుము, కారును నిండుగా చార్జి చేయుదుము. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చునప్పటికి మా బండి నిండియున్నది. నిండిన బండి రెండు దినములు కరెంటు లేకున్నను మన డెల్టాలో ఎక్కడికైనను పోయి రాగలదు. దోషము యంత్రములోనే లేదు, యజమాని అలవాటులోను ఉన్నది. అయినను ఇంట రోగులున్నవారు, ఏకైక వాహనముగా దీనిని కొనువారు, ఈ సంగతిని రెండుమార్లు ఆలోచింపవలెను.

ఇంటిపై సూర్యపలకలు ఉన్నచో ఈ చింత లేదని కొందరందురు. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల వరకు సాయము లభించును. ఎండగల దినమున అవి 10 నుండి 12 యూనిట్లు ఇచ్చును. మా బండికి 70 కిలోమీటర్లకు పైబడిన తిండి. బిల్లు విషయమున ఇది ఎంతో మేలు. కాని వీధి తీగెలతో ముడిపడిన పలకలు, వీధిలో కరెంటు పోయినపుడు తామును ఆగిపోవును. తీగెలపై పనిచేయు లైన్‌మన్ ప్రాణరక్షణకై చేసిన ఏర్పాటది. కాబట్టి ఇంటికి వేరుగా బ్యాటరీ ఉన్నగాని తుపాను రాత్రి అవి ఆదుకొనవు.

దూరప్రయాణముల మాట. కాగితముపై 300 కిలోమీటర్లకు పైగా వ్రాసియున్న మా బండి, నలుగురెక్కి, ఏ.సి. వేసికొని, రహదారిపై పోవునపుడు 200 మాత్రమే ఇచ్చుచున్నది. బెజవాడ పోయివచ్చుటకు 90. అది రెండుమార్లు పోయిరావచ్చును. హైదరాబాదు మాకు 300 పైచిలుకు. దారిలో వేగపు చార్జరువద్ద సుమారు గంటసేపు నిలువవలెను. అది పనిచేయుచున్నదో లేదో, మనకు ముందు ఎన్ని బండ్లున్నవో ముందుగా చూచుకొనవలెను. ఇంటి కరెంటుకంటె అక్కడ యూనిటు ధరయు హెచ్చే. పిల్లలకు ఫలహారము పెట్టుకొని, నడుము వాల్చుకొని పోవువారికి ఇది విశ్రాంతి. ముహూర్తమునకు అందవలసినవారికి ఇది పరీక్ష.

బ్యాటరీ ఆయుర్దాయమును గురించి అందరును అడుగుదురు. చాల కంపెనీలు 8 ఏండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు హామీ ఇచ్చుచున్నవి. బ్యాటరీ ఒక్కనాడు చచ్చునది కాదు. ముసలి ఎద్దువలె క్రమముగా సత్తువ తగ్గును. ఎక్కువ వేడి దానికి పగ. మన రోహిణీకార్తె ఎండలో బండిని నిలుపక నీడను ఉంచుట, మాటిమాటికి వేగపు చార్జరును వాడకుండుట దాని ఆయువును పెంచును. కాని హామీ గడువు తీరిన పిదప క్రొత్త బ్యాటరీ వేయవలసి వచ్చినచో అది పెద్ద ఖర్చు. పాతబండి అమ్మబోవువేళ కొనువాడు ముందుగా చూచునది కూడ అదియే.

మరి పొగ సంగతి? మా వీధిలో పొగ లేదు, నిజమే. అయితే మా ప్లగ్గులోని కరెంటులో కొంత ఇబ్రహీంపట్నమున నార్ల తాతారావు థర్మల్ కేంద్రమున బొగ్గు మండగా వచ్చినది. అయినను మోటారు పొదుపైనది గనుక, మొత్తముమీద పెట్రోలు కారుకంటె తక్కువ పొగకు కారణమగును. ఎండనుండి, గాలినుండి, నీటినుండి వచ్చు కరెంటు పెరిగినకొలది ఇంకను తగ్గును. చప్పుడు లేకపోవుట మాత్రము ఊళ్ళలో జాగ్రత్తపడవలసిన విషయము. రోడ్డుపై ధాన్యము ఆరబోయు కూలీలు, గేదెలను తోలుకొని పోవు పిల్లలు వెనుకనుండి వచ్చు బండిని గుర్తింపలేరు. నిశ్శబ్దము బండిలోని వారికి సుఖము; బాటసారికి కాదు.

ఇన్ని చెప్పిన పిదప, కొనవచ్చునా కొనరాదా యని అడుగుదురు. సొంత షెడ్డు ఉండి, ప్రతిదినము తెలిసిన దారిలో నలుబది మొదలు నూరు కిలోమీటర్లు తిరుగువారు నిస్సందేహముగా కొనవచ్చును. తక్కువ తిరుగువారు, అద్దె వాటాలలోనివారు, తరచు దూరదేశములు పోవువారు కొంతకాలము ఆగుట మంచిది. ఊరిలో అందరివద్దను ఒకే జాతి బండి ఉండవలెనను నియమము లేదు. ఆ తుపాను రాత్రి మా తల్లిగారిని బెజవాడ చేర్చినది బాబాయి పెట్రోలు కారు. నేడు బాబాయి కూతురు బందరులోని కళాశాలకు దినమును పోయివచ్చునది మా కరెంటు కారులో. ఏ బండియైనను పూర్తిగా నమ్మదగినది కాదు. ఎదురింటివారితో మంచిగా ఉండుట మాత్రము ఎన్నడును మోసము చేయదు.